తిత్తి ఎవరి చేతిలో?

ధర్మపురి అనగానే తెలుగువాళ్ళకు గోదావరి ఒడ్డు నరసింహస్వామి గుర్తుకొస్తాడు. నాది ఆ ధర్మపురి కాదు. సేలం నుంచి బెంగుళూరు పోయే దారిలో, తమిళనాడులో ఉన్న ధర్మపురి. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, ఇంకాస్త పడమరకు పోతే కన్నడం. నా పని హార్మోనియంలు బాగుచేయడం. మా నాయన తమిళ వీధి నాటకం తెరుక్కూత్తుకూ తెలుగు పద్యనాటకాలకూ హార్మణి వాయించేవాడు. ఆయన చేతికి వాయింపు అబ్బింది, నా చేతికి స్క్రూడ్రైవర్ దొరికింది.

పెట్టె మూత తీసేవాడికీ ముందు కూర్చుని వినేవాడికీ వాద్యం ఒకేలా కనిపించదు. వినేవాడు వేళ్ళను చూస్తాడు. నేను తిత్తిని చూస్తాను. తోలు చిరిగిందా, మడతల దగ్గర గాలి కారుతోందా, లోపలి స్ప్రింగు అలసిపోయిందా అని. నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తూ వచ్చాక, మెట్ల వాద్యాల చరిత్ర ఎక్కడ చదివినా నాకు ఒకే ప్రశ్న వస్తుంది. మెట్ల మీద ఎవరున్నారన్నది సరే, గాలి కొట్టింది ఎవరు? కొట్టేవాడు ఎక్కడ నిలబడ్డాడు? ఆ వాద్యం మీద ఏ సంగీతం పుడుతుందో తేల్చేది ఈ ప్రశ్నేనని నా నమ్మకం. పుస్తకాలు మాత్రం గాలి కొట్టేవాణ్ని ఒక్క వాక్యంలో దాటేస్తాయి.

మా వైపు నుంచే మొదలుపెడతాను. ధర్మపురి, కృష్ణగిరి ఉన్న ఈ నేలను ఒకప్పుడు బారామహల్ అనేవాళ్ళు. హైదర్ అలీ, ఆయన తర్వాత టిప్పు ఏలిన సీమ. 1792లో శ్రీరంగపట్నం సంధితో టిప్పు తన రాజ్యంలో సగం వదులుకున్నప్పుడు ఇది ఈస్టిండియా కంపెనీకి పోయింది. శిస్తు నిర్ణయించడానికి వచ్చిన కెప్టెన్ రీడ్ కింద పనిచేసిన కుర్ర అధికారుల్లో థామస్ మన్రో ఒకడు. బారామహల్‌లో గడిపిన ఏడేళ్ళలో ఎక్కువ భాగం ఆయన మా ధర్మపురిలోనే ఉన్నాడు, ఇక్కడ తోట కూడా వేసుకున్నాడు. తర్వాత దత్తమండలాలకు కలెక్టరై, మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. రాయలసీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా మనవాడైన దొర. రైతువారీ లెక్కలు ఆయన నేర్చుకున్నది మా మెట్ట పొలాల మీదే అని మా ఊళ్ళో కొంచెం గర్వంగానే చెప్పుకుంటాం.

మన్రో ఇక్కడ పొలాలు కొలిపిస్తున్న ఆ సంవత్సరాల్లోనే, పడమటి దిక్కున శ్రీరంగపట్నంలో టిప్పు దగ్గర ఒక పైపు ఆర్గాన్ తయారైంది. అది పులి పొట్టలో ఉంది.

దాన్ని టిప్పు పులి అంటారు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయాక, వాద్యాలు పెట్టే గదిలో కంపెనీ సైన్యానికి దొరికింది. చెక్కతో చేసి రంగులు వేసిన పులి. సుమారు ఒకటిముప్పావు మీటరు పొడవు, 71 సెంటీమీటర్ల ఎత్తు. కింద వెల్లకిలా పడ్డ ఐరోపా మనిషి మీద నిలబడి గొంతు కొరుకుతూ ఉంటుంది. పక్కనున్న పిడి తిప్పితే ఆ మనిషి చెయ్యి లేచి నోటి దగ్గరకు పోతుంది, గొంతులోంచి ఏడుపు వస్తుంది, పులి గుర్రుమంటుంది. ఇవన్నీ తిత్తులూ గొట్టాలూ చేసే పనులే. అందరూ ఇంతవరకే చెప్పి ఆగిపోతారు. పులి డొక్కలో ఒక తలుపు ఉంది. అది తెరిస్తే దంతపు బొత్తాల్లాంటి 18 మెట్లు, వాటి వెనక వరసగా ఇత్తడి గొట్టాలు. అది అచ్చమైన పైపు ఆర్గాన్. మెట్టు నొక్కితే మూత తెరుచుకుని ఆ గొట్టంలోకి గాలి పోతుంది. ఆ గాలిని పంపేది కూడా అదే పిడి.

చెక్కడం, రంగులు మనవాళ్ళవి. లోపలి యంత్రంలో ఫ్రెంచివాళ్ళ చెయ్యి కూడా ఉండొచ్చని పండితులు అంటారు. 1788లో టిప్పు దూతలు పారిస్ పోయి పదహారో లూయీని చూసి, పనివాళ్ళను వెంటబెట్టుకు వచ్చిన మాట నిజమే. మెట్ల అమరిక చూసిన ఆర్గాన్ మేస్త్రీ ఒకాయన, ఇది ఒక్కో వేలితో వాయించడానికి కాదు, పిడికిలి కణుపులతో అటూ ఇటూ లాగడానికి చేశారన్నాడు. పాటలు వాయించడం దాని ప్రధానమైన పని కాకపోవచ్చు. కానీ నా కన్ను పిడి మీద ఉంది. వాయించాలంటే ఒకడు పులి పక్కన కింద కూర్చోవాలి, ఇంకొకడు పిడి తిప్పుతూ ఉండాలి. కొలువులో ఆ పిడి తిప్పినవాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు.

పులి ఓడెక్కి లండన్ చేరింది. 1808 నుంచి కంపెనీ ఆఫీసులోని పుస్తకాల గదిలో పెట్టారు. వచ్చినవాళ్ళల్లా పిడి తిప్పి అరిపించడంతో అక్కడ చదువుకునేవాళ్ళు తలలు పట్టుకున్నారట. కొన్నాళ్ళకు పిడి ఊడి, కనపడకుండా పోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో కప్పు కూలి పులి ముక్కలైతే, అతికించి 1947లో మళ్ళీ జనం ముందు పెట్టారు. ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. శ్రీరంగపట్నం పడిన వెంటనే మైసూరు పంపకాలు తేల్చిన సంఘానికి మాల్కం అనే ఇంకో కంపెనీ అధికారితో పాటు కార్యదర్శిగా కూర్చున్నది మా ధర్మపురి మన్రోయే. ఇంతకంటే దగ్గరి చుట్టరికం మా ఊరికీ పైపు ఆర్గాన్‌కీ లేదు.

టిప్పుకు రెండు వందల ఏళ్ళ ముందే ఇంకో ఆర్గాన్ ఈ దేశపు పాదుషాను చేరింది. 1580 ప్రాంతంలో హాజీ హబీబుల్లా అనే ఆయన గోవా పోయి వస్తూ అక్బరు కోసం ఒకటి తెచ్చాడు. అక్బరు కొలువులో ఉంటూనే అక్బరును తిట్టుకున్న బదాయూనీ దాని గురించి రాశాడు. మనిషంత పెద్ద పెట్టె, లోపల కూర్చుని ఒక ఐరోపావాడు వాయిస్తుంటే, బయట ఇద్దరు నెమలిరెక్కల్లాంటి వాటిని ఆడిస్తున్నారని. బదాయూనీకి సంగీతం నచ్చిందా లేదా అన్నది పక్కన పెడితే, గాలి కొట్టేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టాడు. అందుకే ఆయన మీద నాకు గౌరవం. 1616లో జహంగీరుకు ఇంగ్లండు రాయబారి థామస్ రో ఒక మెట్ల వాద్యం కానుక ఇచ్చాడు. అది వర్జినల్, తీగలది. దానికి తిత్తి అక్కర్లేదు, వాయించే మనిషి ఒక్కడు చాలు.

ఇప్పుడు ఐరోపాకు వస్తాను. ఆర్గాన్ పుట్టుక క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. క్టెసీబియస్ అనే యంత్రాల మనిషి నీటి బరువుతో గాలిని నిలకడగా తొక్కిపెట్టి గొట్టాలు పలికించాడు. ఆ నిలకడే ఆర్గాన్ రహస్యం. ఊపిరి పీల్చుకోవడానికి ఆగని పిల్లనగ్రోవి అది. తర్వాత నీటి బదులు తోలు తిత్తులు వచ్చాయి. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల జర్మనీ చర్చిల్లో ఒక్కో ఆర్గాన్‌కు మంచాలంత తిత్తులు వరసగా ఉండేవి. ఒక మనిషి దూలం మీద కాలేసి తొక్కితే తిత్తి పైకి లేస్తుంది, తర్వాత తన బరువుకు తానే మెల్లగా దిగుతూ గాలిని పంపుతుంది. అది దిగేలోపల పక్కదాన్ని తొక్కాలి. గాలి ఒత్తిడి మాత్రం తక్కువే, గొట్టంలో నీటిని ఏడెనిమిది సెంటీమీటర్లు లేపితే ఎక్కువ. అంత మెత్తటి గాలే ఎనిమిది అడుగుల గొట్టంలో దూరి గుడి గోడలను కదిలిస్తుంది. గొట్టం పొడవు సగం చేస్తే పై స్థాయి పలుకుతుంది. తగరం, సీసం కలిపి పోసిన గొట్టాలు కొన్ని, చెక్కవి కొన్ని. మేస్త్రీలు తరతరాలుగా చేసుకొచ్చిన పని అది.

గాలి భారం వేరేవాడి మీద పడటంతో వాయించేవాడికి రెండు చేతులూ ఖాళీ, రెండు కాళ్ళూ ఖాళీ. అప్పుడు కాళ్ళకు కూడా మెట్లు కట్టారు. చేతులు పై స్వరాల్లో తిరుగుతుంటే కాళ్ళు మంద్రంలో ఇంకో పాట నడిపిస్తాయి. మూడు నాలుగు పాటలు ఒకదాన్ని ఒకటి తరుముకుంటూ, ఏ ఒక్కటీ రెండోదానికి దాస్యం చేయకుండా సాగే ఆ కాలపు బరోక్ సంగీతం ఆర్గాన్ మీద అలా నిలిచిందంటే, వెనక గదిలో ఒకడు చెమటోడ్చి తొక్కుతున్నాడు గనకనే. జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. కొత్త ఆర్గాన్‌ను పరీక్షించడానికి పిలిస్తే ఆయన ముందు అన్ని స్వరవరసలూ, అంటే గొట్టాల వరసలన్నీ, ఒక్కసారే తెరిచి వాయించేవాడట, దీని ఊపిరితిత్తులు గట్టివో కావో చూద్దామని. ఆయన కొడుకు చెప్పిన సంగతి ఇది. నేనూ పాత పెట్టె ఏది వచ్చినా ముందు చేసే పని అదే. అన్ని రీడ్లూ తెరిచి అరచేతులు ఆనించి గాలి ఎంతసేపు నిలుస్తుందో చూస్తాను. మేళవింపు సంగతి తర్వాత.

బాఖ్‌కు ఆర్గాన్ పిచ్చి ఎంతంటే, 1705లో ఇరవై ఏళ్ళ వయసులో ఆర్న్‌స్టాట్ నుంచి ల్యూబెక్‌కు సుమారు 400 కిలోమీటర్లు నడిచిపోయాడు, బుక్స్టెహూడె అనే పెద్దాయన వాయింపు వినడానికి. మా ఊరి నుంచి చెన్నై దాకా నడిచి, ఆ పైన ఇంకో వంద కిలోమీటర్లు పోయినట్టు. నాలుగు వారాల సెలవు తీసుకుని నాలుగు నెలలకు తిరిగొస్తే కొలువిచ్చిన పెద్దలు నిలదీశారు. అంతటివాడు 1750లో చనిపోయినప్పుడు ఇంట్లో సామాను జాబితా రాస్తే అందులో ఐదు హార్ప్సికార్డులు, లూట్ వాద్యంలా పలికే మెట్ల పెట్టెలు రెండు, స్పినెట్ అనే చిన్న మెట్ల పెట్టె ఒకటి ఉన్నాయి. ఆర్గాన్ ఉండదు కదా. అది ఊరి సొత్తు. పైగా అభ్యాసం చేయాలంటే చలికాలంలో గడ్డకట్టే చర్చికి పోవాలి, తిత్తి తొక్కేవాడికి కూలి ఇవ్వాలి. అందుకే ఆర్గాన్ వాయించేవాళ్ళు ఇంట్లో తీగల పెట్టెల మీద చెయ్యి తిప్పుకునేవాళ్ళు.

ఆ తీగల పెట్టెల్లో రెండు ముఖ్యమైనవి. హార్ప్సికార్డులో మెట్టు నొక్కితే కాకి ఈక ముక్క తీగను మీటుతుంది. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే పలుకు. క్లావికార్డు అలా కాదు. మెట్టు చివరన ఉన్న ఇత్తడి ముక్క తీగను కొట్టి అక్కడే ఆనుకుని ఉంటుంది. అంటే వేలికీ తీగకూ మధ్య తెగని సంబంధం. మెట్టు మీద వేలు కొంచెం ఊపితే స్వరం వణుకుతుంది, ఇంకొంచెం నొక్కితే స్వరం పైకి జరుగుతుంది. మెట్ల వాద్యం మీద గమకం అసాధ్యం అని మన విద్వాంసులు అంటుంటే నాకు క్లావికార్డు గుర్తుకొస్తుంది. దాని గొంతు మాత్రం మరీ చిన్నది, పక్కగదికి కూడా వినపడదు. 1700 ప్రాంతంలో ఫ్లారెన్సులో క్రిస్టోఫోరి చిన్న సుత్తులతో కొట్టే పియానో చేశాక ఇవి రెండూ మెల్లగా మూలకు చేరాయి. 1747లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కొలువులో బాఖ్ కూడా ఆ కొత్త వాద్యాన్ని వాయించాడు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. తెలుగు పుస్తకాలు మొదటిసారి అచ్చయింది మద్రాసులో కాదు, బందరులో అసలే కాదు. జర్మనీలోని హాలె పట్నంలో. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు స్వదేశం పోయి 1746, 1747లలో అక్కడ తెలుగు అక్షరాలతో క్రైస్తవ మతగ్రంథాలు అచ్చు వేయించాడు. అదే హాలెలో, అదే 1746లో, బాఖ్ పెద్దకొడుకు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ మేరీమాత చర్చిలో ఆర్గాన్ కొలువుకు చేరాడు. 65 స్వరవరసల ఆ ఆర్గాన్‌ను 1716లో పరీక్షించినవాళ్ళలో తండ్రి బాఖ్ ఒకడు. 1685లో ఆ ఊళ్ళోనే పుట్టిన హాండెల్, చిన్నప్పుడు విద్య నేర్చుకున్నది ఆ చర్చి ఆర్గాన్ విద్వాంసుడు త్సాఖో దగ్గరే. షుల్జ్ ఆదివారం పూట ఆ చర్చికి పోయాడో లేదో గానీ, మన అ ఆలు సీసంలో పోసిన ఊరు, గొట్టాల సీసం బాగా పలికిన ఊరు ఒకటే.

బ్రిటిషువాళ్ళతో పైపు ఆర్గాన్‌లు మద్రాసు చర్చిలకు వచ్చాయి. ఎగ్మోరులో సెయింట్ ఆండ్రూస్ చర్చిలో 1883లో పెట్టిన ఆర్గాన్ యార్క్‌షైర్‌లో చేసింది. కానీ పైపు ఆర్గాన్ చిన్న ఊళ్ళకు రాదు. దాని ఖర్చు ఎక్కువ, బరువు ఎక్కువ, మన ఉక్కపోతకు తోలు పగులుతుంది, చెక్క ఉబ్బుతుంది. చిన్న ఊళ్ళకు వచ్చింది దాని పేదింటి చుట్టం. 1840ల తొలినాళ్ళలో పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ హార్మోనియం అనే పేరుతో హక్కులు రాయించుకున్న పెట్టె. ఇందులో గొట్టాలు లేవు. సన్నటి ఇత్తడి నాలుకలు గాలికి అల్లాడితే స్వరం. తొక్కుడు పలకలు వాయించేవాడి కాళ్ళ కిందికే వచ్చాయి. గాలి కొట్టేవాడి కొలువు అక్కడితో పోయింది. చేతులు రెండూ ఇంకా ఖాళీయే. కాళ్ళు మాత్రం మంద్రస్వరాలు మాని తొక్కుడు పనిలో పడ్డాయి.

మతబోధకులు తెచ్చిన ఈ కాళ్ళ పెట్టెను నాటకాలవాళ్ళు ఎత్తుకున్నారు. పార్సీ, ధార్వాడ నాటక సమాజాలు మన ఊళ్ళు తిరిగాక, 1885లో కడప జిల్లాలో సురభి నాటకం మొదలయ్యాక, తెలుగు రంగస్థలం మీద హార్మోనియం లేని రాత్రి లేదు. లెగ్ హార్మోనియం ముందు కూర్చున్న హార్మోనిస్టు నటుడితో సమానంగా ‘వన్స్‌మోర్’లు తీసుకునేవాడు. కలకత్తాలో 1875లో మొదలైన ద్వారకిన్ కంపెనీ అధిపతి ద్వారకానాథ్ ఘోష్ పెట్టెను కురచ చేసి, తిత్తిని వెనక్కి పెట్టి, నేల మీద కూర్చుని వాయించేలా మార్చాడు. ఇది చిన్న మార్పు కాదు. ఎడమచెయ్యి తిత్తికి పోయింది, మెట్లకు కుడిచెయ్యి ఒక్కటే మిగిలింది. ఒక చేత్తో నాలుగు పాటలు తరుముకోవు, ఒక్క పాటే నడుస్తుంది. మనకు కావలసిందీ ఒక్క పాటే. రాగం ఒంటరి ప్రయాణం. ఐరోపావాడు చూస్తే వాద్యాన్ని సగం నరికేశారనుకుంటాడు. సగం నరికాకే అది మనదైంది.

ధర్మపురి వైపు వీధి ఆటల్లో హార్మోనియం వచ్చేదాకా శ్రుతికి తిత్తే ఉండేది. మేకతోలు సంచి, ఒక ఊదుడు గొట్టం, ఒక పలుకుడు గొట్టం. ఒకడు నోటితో నింపి చంక కింద నొక్కుతూ తెల్లవార్లూ ఒకే స్వరం పట్టుకుని నిలబడతాడు. మా నాయన పడుచువాడుగా ఉన్నప్పుడు ఒక ముసలి తిత్తిగాడు, “అబ్బాయా, నీ పెట్టె వచ్చి నా చంక ఖాళీ చేసింది” అన్నాడని చెప్పేవాడు. నవ్వుతూ అన్నాడట. కానీ ఆ ఏడాది నుంచి ఆయనకు కూత్తు మేళంలో పిలుపు లేదు. చర్చిలో తిత్తి తొక్కినవాడికి కరెంటు మోటారు వచ్చాక పట్టిన గతి, మా పెన్నాగరం దారిలో తిత్తిగాడికి హార్మోనియంతో పట్టింది.

పెద్దవాళ్ళు హార్మోనియాన్ని ఎన్నడూ మనసారా ఒప్పుకోలేదు. 1940 మార్చిలో ఆలిండియా రేడియో దాన్ని గాలిలోకి రానివ్వనంది. గమకం పలకదు, దాని స్వరస్థానాలు మన శ్రుతులకు సరిపోవు అని వాదన. ఠాగూరు కూడా హార్మోనియానికి వ్యతిరేకే. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. స్వరస్థానాల గురించి వాళ్ళు చెప్పింది నిజమే, ఆకురాయితో రీడ్లు గీకేవాడిగా ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు మెట్లనే చూశారు, గాలిని చూడలేదు. మంచి హార్మోనిస్టు ఎడమచేత్తో తిత్తిని నొక్కి వదిలే తీరులో స్వరం ఉబ్బుతుంది, తగ్గుతుంది, పద్యం చివర ఊపిరి విడిచినట్టు ఆగుతుంది. బాఖ్ ఆర్గాన్‌కు ఈ వీలు లేదు. అక్కడ గాలి ఎప్పుడూ ఒకే ఒత్తిడి, తొక్కేవాడికి పాటతో పని లేదు. ఇక్కడ గాలీ వేలూ ఒకే మనిషివి. పోగొట్టుకున్న ఎడమచేతికి బదులు మనకు దక్కింది ఇది. రేడియో పండితులు ఆ లెక్క వేసుకుని ఉంటే అన్నేళ్ళ నిషేధం అవసరం ఉండేది కాదని నా తీర్పు.

ఇప్పుడు గుళ్ళో భజనకూ, చర్చిలో పాటకూ, కూత్తుకూ కూడా కరెంటు కీబోర్డు వచ్చింది. హార్ప్సికార్డు కావాలంటే ఒక బొత్తాం, పైపు ఆర్గాన్ కావాలంటే ఇంకో బొత్తాం. వద్దనను. నేనే రెండు మూడు బాగుచేశాను. అయితే దాని వెనకాల పాత పెట్టెలు ఇత్తడి బరువుకు తూకానికి పోతున్నాయి. కాళ్ళ పెట్టెలైతే మరీను. పారిస్ కాస్రియెల్ రీడ్లున్న పెట్టెను పొయ్యిలోకి చీల్చిన ఇల్లు నాకు తెలుసు.

కాబట్టి ఒక మాట అడుగుతాను. మీ అటక మీద, మీ ఊరి చర్చి వెనకగదిలో, మీ పాత నాటక సమాజం పెట్టెల్లో హార్మోనియం గానీ కాళ్ళ పెట్టె గానీ ఉంటే తూకానికి వేయకండి. మూత తీసి లోపల అంటించిన చీటీ మీద ఏ ఊరు, ఏ కంపెనీ అని ఉందో రాసిపెట్టుకోండి. ఎలుకలు కొట్టిన తిత్తికి కొత్త తోలు వేయొచ్చు, తుప్పు పట్టిన స్ప్రింగు మార్చొచ్చు. పోయిన రీడ్లకు గుజరాత్‌లోని పాలితానా నుంచి కొత్తవి దొరుకుతాయి. దాన్ని ఎవరు వాయించారో ఇంట్లో పెద్దవాళ్ళను అడుగుతారు ఎటూ. ఆ పెట్టె రాకముందు మీ ఊరి మేళంలో తిత్తి పట్టినవాడు ఎవరో అది కూడా అడిగి రాసిపెట్టండి.